రెండడుగుల అక్వేరియంలో నీటి మట్టం తగ్గకుండా: ₹960తో కట్టిన ఏర్పాటు, నాలుగు నెలల డైరీ

## కొలతలు: మార్చి 24 నుంచి 31

ఆవిరై ట్యాంకు మట్టం తగ్గినప్పుడు తేలే బిళ్ల ఉన్న స్విచ్ దాన్ని కనిపెట్టి, పక్కన పెట్టిన డబ్బాలోంచి చిన్న పంపుతో నీళ్లు పోయించే ఏర్పాటు ఇది. మీ ఇంట్లో ఇదే కట్టాలనుకుంటే ముందు మీ ట్యాంకు కొలతలు పెట్టి ఈ భాగం మళ్లీ లెక్క కట్టుకోండి. తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఈ అంకెలే ఆధారం.

ట్యాంకు బయటి కొలత 60 × 30 × 36 సెం.మీ. అద్దం మందం 5 మి.మీ. కాబట్టి లోపల 59 × 29. నీటి ఉపరితలం 1,711 చదరపు సెం.మీ. మట్టం 1 మి.మీ. దిగితే 171 మి.లీ. పోయినట్టు, 1 సెం.మీ. దిగితే 1.7 లీటర్లు. అడుగున ఇసుక 4.5 సెం.మీ. అది పోగా లోపల ఉన్న నీళ్లు దాదాపు 46 లీటర్లు. అందులో ఆరు గప్పీలు, ఇరవై దాకా ఎర్ర చెర్రీ రొయ్యలు, జావా నాచు, కొనకుండానే మొక్కలతో పాటు వచ్చేసిన నత్తలు.

హైదరాబాదులో మా గదికి పడమటి ఎండ. మార్చి చివరికే ట్యాంకు నీళ్లు 32.5 డిగ్రీలకు వెళ్లాయి. గప్పీలు తట్టుకుంటాయి గానీ రొయ్యలకు 28 దాటితే కష్టం. పాత కంప్యూటరులోంచి తీసిన 12 వోల్టుల ఫ్యానును నీటి మీదికి వాలుగా కట్టాను. 29.5కి దిగింది. చల్లబడేది నీరు ఆవిరవడం వల్లే. ఒక లీటరు ఆవిరవడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి, అందులో చాలా భాగం ట్యాంకు నీళ్లలోంచే పోతుంది. కాబట్టి ఎంత చల్లదనం కావాలంటే అన్ని నీళ్లు మళ్లీ పోసుకోవాలి.

అద్దానికి స్టీలు స్కేలు టేపుతో అంటించి రోజూ ఉదయం 7 గంటలకు చూశాను:

- ఫ్యాను లేకుండా, మూడు రోజుల సగటు: 3.5 మి.మీ., అంటే 600 మి.లీ.
- ఫ్యానుతో, నాలుగు రోజుల సగటు: 8.2 మి.మీ., అంటే 1.4 లీటర్లు
- ఫ్యాను ఉంచి, పైన సగానికి అద్దం మూత పెట్టి ఒక రోజు: 5.2 మి.మీ., అంటే 890 మి.లీ.

ఇక ఏ నీళ్లు పోయాలి? ఆవిరయ్యేది నీరు ఒక్కటే, అందులో కరిగిన లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. మా బోరు నీళ్ల టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగిన లవణాలు మిల్లీగ్రాముల్లో, 780. రోజుకు 1.4 లీటర్ల చొప్పున అవే పోస్తే రోజూ 1,092 మిల్లీగ్రాముల లవణాలు కొత్తగా చేరతాయి. 46 లీటర్లకు పంచితే ట్యాంకు టీడీఎస్ రోజుకు దాదాపు 24 పెరుగుతుంది, పది రోజుల్లో 240. ఇంట్లోని ఆర్వో నీళ్లు 45 చూపించాయి. వాటితో రోజుకు 1.4 మాత్రమే పెరుగుతుంది. కాబట్టి ఆవిరైన నీటి బదులు పోసేది ఆర్వో నీళ్లే. ఆర్వో యంత్రం గొట్టంలోంచి బయటికి వదిలే వృథా నీళ్లు మాత్రం వద్దు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ.

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చడం మాత్రం తప్పదు. దానికి ఒక పాలు బోరు నీళ్లు, రెండు పాళ్లు ఆర్వో నీళ్లు కలుపుతున్నాను. మీటరులో 290 వస్తోంది.

## డబ్బా ఎంత ఉండాలి: ఏప్రిల్ 1

పంపు, స్విచ్ కొనకముందే తేల్చుకోవలసింది ఇది. ట్యాంకు అంచు నుంచి 4 సెం.మీ. కిందికి మామూలు మట్టం గీత గీశాను. ఆ గీత పైన ట్యాంకులో పట్టే ఖాళీ 6.8 లీటర్లు. కాబట్టి పక్కన పెట్టే డబ్బాలో 6.8 లీటర్లకు మించి నీళ్లు ఉండనే కూడదు. నేను 5 లీటర్ల తాగునీళ్ల డబ్బా తీసుకున్నాను. మొత్తం ఒలికినా మట్టం 2.9 సెం.మీ. పెరుగుతుంది, అంచుకు ఇంకా 1.1 సెం.మీ. మిగులుతుంది.

20 లీటర్ల బబుల్ క్యాను పెడితే రెండు వారాలు చూసుకోనక్కర్లేదు కదా అని మావారు అడిగారు. పంపు ఆగకపోతే అందులో 13 లీటర్లు నేల మీద ఉంటాయి, కింద ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంది. స్విచ్ పాడైనా, బోర్డు కాలినా, నేను ఇంట్లో లేకపోయినా నేల తడవకూడదంటే డబ్బాలో అన్ని నీళ్లు ఉండకూడదు. వైర్లు, చిప్పులు, ప్రోగ్రాములు అన్నీ ఈ కాపలా తర్వాతే.

ఇంకో లెక్క కూడా చూశాను. ట్యాంకు నిండుగా, టీడీఎస్ 310 దగ్గర ఉన్నప్పుడు 5 లీటర్ల ఆర్వో నీళ్లు ఒక్కసారిగా పడితే 284కు దిగుతుంది. రొయ్యలకు అది మంచిది కాదు గానీ చంపేంతది కాదు. 20 లీటర్లయితే ఆ మాట చెప్పలేను.

డబ్బా విషయంలో ఒక జాగ్రత్త: రంగులు, ఫినాయిలు, పురుగుమందులు పోసిన డబ్బా ఎంత కడిగినా వాడకండి.

## మొదటి దశ, స్విచ్ నుంచి నేరుగా పంపుకు: ఏప్రిల్ 2 నుంచి 9

కొన్నవి: నిలువు ఫ్లోట్ స్విచ్‌లు రెండు ₹180, 3 నుంచి 6 వోల్టుల చిన్న మునిగే పంపు ₹85, 6 మి.మీ. సిలికాన్ గొట్టం రెండు మీటర్లు ₹80. కరెంటుకు పాత ఫోను చార్జరు, 5 వోల్టులు 2 ఆంపియర్లు. నీళ్ల దగ్గర 230 వోల్టుల వస్తువు ఏదీ వద్దనుకున్నాను. చార్జరును ట్యాంకు కన్నా ఎత్తులో గోడకు పెట్టి, దాని వైరును మధ్యలో కిందికి వంపు తిరిగేలా వదిలాను. వైరు వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, ప్లగ్గు దాకా ఎక్కదు.

ఇప్పటికి ఖర్చు: ₹345

ఫ్లోట్ స్విచ్ పని తీరు సులభం. కాడ లోపల రీడ్ అనే సన్నని రెండు లోహపు రేకులు, తేలే బిళ్లలో అయస్కాంతం. బిళ్ల దిగితే రేకులు కలుస్తాయి, పైకి లేస్తే విడిపోతాయి. ఎటు కలవాలో మార్చుకోవాలంటే కాడ చివర ఉన్న క్లిప్పు తీసి బిళ్లను తిరగేసి పెడితే చాలు. పెట్టాక మల్టీమీటరులో బీప్ వచ్చేలా పెట్టి చూసుకోండి, కంటితో తెలియదు.

డబ్బా ఎక్కడ పెట్టాలి: మూడు ప్రయత్నాలు

1. నేల మీద పెట్టాను. ట్యాంకు స్టాండు ఎత్తు 75 సెం.మీ., ట్యాంకు 36. డబ్బాలోని నీళ్ల మట్టం నుంచి అంచు దాకా కనీసం 89 సెం.మీ. ఎక్కాలి. పంపు గుయ్యిమంటోంది, గొట్టం చివర చుక్కలే వస్తున్నాయి.
2. పక్కనున్న పుస్తకాల బీరువా మీద, ట్యాంకు కన్నా ఎత్తులో పెట్టాను. నీళ్లు ధారగా వచ్చాయి. స్విచ్ తెరుచుకుంది, పంపు ఆగింది, నీళ్లు ఆగలేదు. ఎత్తులో ఉన్న నీళ్లు గొట్టం నిండుగా ఉంటే సైఫన్ పట్టి వాటంతట అవే దిగుతాయి. పంపు ఆపడానికి స్విచ్ ఉంది గానీ సైఫన్ ఆపడానికి ఏమీ లేదు.
3. స్టాండు లోపలి అరలో, నేల నుంచి 40 సెం.మీ. ఎత్తున పెట్టాను. ఎక్కవలసింది డబ్బా నిండుగా ఉంటే 49 సెం.మీ., అడుగంటితే 68. పంపు దీన్ని లాగింది. కానీ గొట్టం చివర ట్యాంకు నీళ్లలో మునిగి ఉండడంతో ఈసారి సైఫన్ వెనక్కి పట్టింది. ట్యాంకు నీళ్లు డబ్బాలోకి, పంపు మళ్లీ డబ్బా నీళ్లు ట్యాంకులోకి. అరగంటలో పదకొండు సార్లు ఆడింది.

గొట్టం చివరను నీటికి 2 సెం.మీ. పైన కట్టాను. అదే రాత్రి లెక్క చూసుకుంటే తప్పు కనిపించింది: డబ్బా మొత్తం ఒలికితే మట్టం 2.9 సెం.మీ. పెరుగుతుంది, అప్పుడు గొట్టం మునిగిపోతుంది. ఇప్పుడు గొట్టం చివర సరిగ్గా ట్యాంకు అంచు ఎత్తులో, క్లిప్పుతో బిగించి ఉంది. నీళ్లు అద్దం వెంబడి జారేలా మొన కోసుగా కత్తిరించాను, చప్పుడు లేదు.

పంపు కొలతలు

ఫోనులో స్టాప్‌వాచ్, వంటింటి కొలత గ్లాసు. 500 మి.లీ. నిండడానికి పట్టిన సమయం:

- 20 సెం.మీ. ఎత్తుకు: 19 సెకండ్లు
- 49 సెం.మీ.: 37 సెకండ్లు
- 68 సెం.మీ.: 58 సెకండ్లు
- 68 సెం.మీ., సన్నని చార్జరు వైరు రెండు మీటర్లు అతికి: 92 సెకండ్లు

ఆఖరిది చూసి పంపు దగ్గర వోల్టేజీ కొలిచాను. 4.4 మాత్రమే. వైరు మార్చి మందమైన స్పీకరు వైరు వేశాక 4.9 వచ్చింది. పంపు బలహీనంగా ఉందని ఇంకోటి కొనేముందు ఈ ఒక్క కొలత తీసుకోండి.

ఏప్రిల్ 9. ఉదయం లేచేసరికి ట్యాంకు మట్టం గీత కన్నా 17 మి.మీ. పైన ఉంది, డబ్బా ఖాళీ, పంపు నీళ్లు లేకుండా తిరుగుతోంది. రాత్రి డబ్బాలో దాదాపు 3 లీటర్లు ఉన్నాయి. టీడీఎస్ 310 నుంచి 294. నేల మీద చుక్క లేదు. ఫ్లోట్ బిళ్ల పైకే తేలి ఉంది, అయినా మల్టీమీటరు బీప్ అంటూనే ఉంది. కాడను వేలితో తడితే రేకులు విడిపోయాయి. మళ్లీ పంపు తగిలిస్తే నాలుగోసారికి మళ్లీ అతుక్కున్నాయి.

## రెండో దశ, మధ్యలో మాస్‌ఫెట్: ఏప్రిల్ 12 నుంచి 16

కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాల కొట్టతను స్విచ్ చేతిలోకి తీసుకోగానే చెప్పేశాడు: "మోటరు దీనికే డైరెక్టుగ పెట్టినవా అక్కా? అతుక్కపోతది. మధ్యల మాస్‌ఫెట్ పెట్టు, డయోడు మర్చిపోకు."

మాస్‌ఫెట్ అంటే మూడు కాళ్ల ఎలక్ట్రానిక్ స్విచ్: గేటు అనే కాలికి వోల్టేజీ ఇస్తే డ్రెయిన్, సోర్స్ అనే మిగతా రెండు కాళ్ల మధ్య కరెంటు పారుతుంది. ఇంటికొచ్చి కొలిచాను. పంపు తిరిగేటప్పుడు 0.18 ఆంపియర్లే తీసుకుంటుంది, నాకు భరోసా ఇచ్చింది ఆ అంకె. చక్రాన్ని వేలితో ఆపి కొలిస్తే 0.9. మోటారు మొదలయ్యే క్షణంలో కూడా పరిస్థితి అదే. ఇలాంటి చిన్న ఫ్లోట్ స్విచ్‌లు మామూలుగా 0.5 ఆంపియర్ల వరకే. ఆగేటప్పుడు మోటారు చుట్టలోంచి వచ్చే ఎదురు వోల్టేజీకి రేకుల మధ్య నిప్పురవ్వ. రెండూ కలిసి రేకుల మొనలను అతికించేశాయి.

కట్టిన పద్ధతి:

1. చార్జరు ప్లస్ నుంచి పంపు ప్లస్‌కు నేరుగా.
2. పంపు మైనస్ మాస్‌ఫెట్ డ్రెయిన్‌కు, సోర్స్ చార్జరు మైనస్‌కు.
3. చార్జరు ప్లస్ నుంచి ఫ్లోట్ స్విచ్, అక్కడి నుంచి 220 ఓమ్‌ల రెసిస్టరు, ఆపై మాస్‌ఫెట్ గేటు.
4. గేటు నుంచి మైనస్‌కు 10 కిలోఓమ్‌ల రెసిస్టరు. ఇది లేకపోతే స్విచ్ తెరుచుకున్నా గేటు మీద చార్జి నిలిచి పంపు ఆగదు.
5. పంపు రెండు కాళ్ల మధ్య 1ఎన్4007 డయోడు, గీత ఉన్న వైపు ప్లస్‌కు. ఆగేటప్పుడు మోటారు నుంచి వచ్చే ఎదురు వోల్టేజీకి ఇదే దారి.

ఇప్పుడు ఫ్లోట్ స్విచ్‌లో పారేది అర మిల్లీ ఆంపియరు. రేకులు ఎన్నేళ్లయినా ఉంటాయి.

మాస్‌ఫెట్ కొనేటప్పుడు దాని మీది అక్షరాలు చదవండి. కావలసింది ఐఆర్ఎల్‌జెడ్44ఎన్. ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ అచ్చం అలాగే ఉంటుంది గానీ అది పూర్తిగా ఆన్ కావడానికి గేటుకు 10 వోల్టులు కావాలి. 5 వోల్టులతో పూర్తిగా ఆన్ అవుతుందన్న నమ్మకం లేదు.

మాస్‌ఫెట్ ₹45, డయోడు, రెసిస్టర్లు కలిపి ₹5, చిల్లుల బోర్డు ₹20, అతుక్కుపోయిన దాని బదులు కొత్త ఫ్లోట్ స్విచ్ ₹90.

ఇప్పటికి ఖర్చు: ₹505

## మూడో దశ, అలలు, నత్తలు, దోమలు: ఏప్రిల్ 17 నుంచి 26

ఫిల్టరు నుంచి పడే ధారకు నీటి మీద 3 మి.మీ. అలలు. ఫ్లోట్ ఊగినప్పుడల్లా పంపు టకటకమంటూ ఆన్, ఆఫ్. పది నిమిషాల్లో 64 సార్లు లెక్కపెట్టి ఆపేశాను.

అలలు తగలకుండా ఒకటిన్నర అంగుళాల పీవీసీ పైపు 20 సెం.మీ. ముక్కను నిలువుగా పెట్టి, స్విచ్‌ను దాని లోపల వేలాడదీశాను. పైపు మూత, అద్దానికి అతికే రబ్బరు కప్పులు కలిపి ₹55, పైపు ముక్క ఇంట్లోదే. అడుగున 2 మి.మీ. చిల్లులు రెండు చేశాను. అలలు పూర్తిగా పోయాయి, తొమ్మిది రోజులు చక్కగా నడిచింది అనుకున్నాను. నడవలేదు. ఏప్రిల్ 26న చూస్తే బయట మట్టం 11 మి.మీ. దిగి ఉంది, పైపు లోపల మాత్రం నిండుగా ఉంది. చిల్లులకు జిగురు పొర పట్టి మూసుకుపోయాయి. స్విచ్ చూస్తున్నది పైపులోని నీళ్లను, ట్యాంకును కాదు.

ఇప్పుడు 3 మి.మీ. చిల్లులు పన్నెండు, అడుగు నుంచి 6 సెం.మీ. ఎత్తు దాకా. అలలు అర మి.మీ. మిగిలాయి, దాని సంగతి నాలుగో దశలో. పైపు బయట నైలాను దోమతెర గుడ్డ చుట్టి, దారంతో కట్టాను. ఆ గుడ్డ నత్తల కోసం. ఏప్రిల్ 20న ఒక చిన్న నత్త పైపులోకి ఎక్కి ఫ్లోట్ బిళ్లకూ కాడకూ మధ్య దూరింది. బిళ్ల కిందే ఉండిపోయింది, అంటే నీళ్లు తక్కువని స్విచ్ చెబుతూనే ఉంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను, 8 మి.మీ. దగ్గర ఆగింది.

ఏప్రిల్ 22న డబ్బా నింపడం మరిచి ఆఫీసుకు వెళ్లాను. పంపు నీళ్లు లేకుండా తొమ్మిది గంటలు తిరిగింది. ఈ పంపులకు లోపలి కాడను చల్లబరిచేదీ, జారుడునిచ్చేదీ నీళ్లే. సాయంత్రం 68 సెం.మీ. ఎత్తుకు 500 మి.లీ. కొలిస్తే 58 సెకండ్లు కాస్తా 104 అయింది.

దోమల సంగతి అత్తయ్య కనిపెట్టారు. "అమ్మాయ్, ఆ డబ్బాలో దోమ పురుగులు ఆడుతున్నాయి, చూశావా?" అన్నారు. మూతకు గొట్టం, వైరు పట్టడానికి చేసిన చిల్లు పెద్దది. డెంగీని మోసే ఏడిస్ దోమ ఇలా కదలకుండా మంచినీళ్లు నిలిచిన పాత్రల్లో గుడ్లు పెడుతుంది. డబ్బా నీళ్లు వడపోసి పురుగులను గప్పీలకే వేశాను. మూత చిల్లును దోమతెర ముక్క, టేపుతో మూసి, వారానికోసారి డబ్బా ఖాళీ చేసి రుద్ది కడుగుతున్నాను. పూర్తిగా గాలి చొరకుండా బిగించకండి, నీళ్లు పోయిన చోటికి గాలి రాక పంపు నెమ్మదిస్తుంది.

ఇప్పటికి ఖర్చు: ₹560

## నాలుగో దశ, సమయానికి కళ్లెం: ఏప్రిల్ 28 నుంచి మే 9

నత్త, ఎండిన డబ్బా, మడత పడిన గొట్టం, కాలిన పంపు, అతుక్కున్న స్విచ్: ఒక్కోదానికి ఒక్కో సెన్సారు పెట్టుకుంటూ పోవచ్చు. కానీ వీటన్నిటికీ ఒకే గుర్తు ఉంది. పంపు తిరగాల్సిన దానికన్నా ఎక్కువ సేపు తిరుగుతుంది. ఆ ఒక్కటి పట్టుకుంటే చాలు. అందుకోసం ప్రోగ్రాము రాసి నడిపించే చిన్న బోర్డు (ఆర్డుయినో నానో నకలు) ₹260, బజరు ₹20, నొక్కుడు బటన్ ₹5, అరిగిన పంపు బదులు కొత్తది ₹85.

ఇప్పటికి ఖర్చు: ₹930

ప్రోగ్రాములో నియమాలు:

1. కింది ఫ్లోట్ 20 సెకండ్లు ఆగకుండా "తక్కువ" అంటేనే పంపు మొదలు. మిగిలిన అలల బెడద దీంతో పోయింది.
2. ఫ్లోట్ 3 సెకండ్లు "చాలు" అంటే ఆపు.
3. 60 సెకండ్లు దాటితే ఆపు, బజరు మోగించు, బటన్ నొక్కేదాకా మళ్లీ మొదలుపెట్టకు.
4. ఒకసారి నింపాక గంట దాకా మళ్లీ నింపకు.

మూడో నియమంలో మొదట 30 సెకండ్లు పెట్టాను. ఫ్లోట్ కదలడానికి 2 మి.మీ., అంటే 340 మి.లీ. కావాలి. నిండు డబ్బాతో 25 సెకండ్లు చాలు. డబ్బా అడుగంటే కొద్దీ ఎత్తు పెరిగి అదే పనికి 40 పడుతుంది. మే 2, రాత్రి 2 గంటలకు బజరు మోగి ఇల్లంతా లేచింది, చూస్తే అంతా సవ్యంగానే ఉంది. సమయం పెట్టేటప్పుడు ఖాళీ డబ్బాతో కొలిచి, దానికి సగం కలపండి. 60 సెకండ్లలో అత్యధికంగా పడేది 810 మి.లీ., మట్టంలో 4.7 మి.మీ. అది నాకు సమ్మతమే.

రెండో ఫ్లోట్‌ను కింది దానికి 1 సెం.మీ. పైన పెట్టాను, బిళ్ల తిరగేయకుండా. మామూలుగా మూసుకుని ఉంటుంది, నీళ్లు అక్కడికి చేరితే తెరుచుకుంటుంది. దీన్ని నానోకు ఇవ్వలేదు. నానో నుంచి మాస్‌ఫెట్ గేటుకు వెళ్లే వైరు మధ్యలోనే పెట్టాను, 10 కిలోఓమ్‌ల రెసిస్టరు గేటు వైపే ఉండేలా. నానో పిచ్చెక్కి పంపు నడపమన్నా ఈ స్విచ్ ఒప్పుకోదు. కాపలా ఉండేది ప్రోగ్రాము మీద ఆధారపడకూడదు.

రెండు చిక్కులు ఎదురయ్యాయి.

మే 4: పంపు మొదలైన క్షణంలో నానో రీసెట్ అవుతోంది. ఒకే చార్జరు, ఒకే వైరు జత, పంపు గుంజగానే వోల్టేజీ పడిపోతోంది. పంపుకూ నానోకూ చార్జరు దగ్గర నుంచే వేర్వేరు వైర్లు లాగి, నానో దగ్గర పాత రేడియో బోర్డులోంచి తీసిన 470 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టాను. ఆ తర్వాత నలభై సార్లు నడిపి చూశాను, ఒక్కసారీ రీసెట్ కాలేదు.

మే 7: మధ్యాహ్నం కరెంటు మూడు సార్లు పోయింది. పొద్దున్నే డబ్బా ఖాళీ అయి బజరు మోగింది. బటన్ నొక్కేదాకా పంపు ఆగి ఉండాల్సింది, కానీ కరెంటు వచ్చిన ప్రతిసారీ నానో ఏమీ జరగనట్టు కొత్తగా మొదలుపెట్టి ఖాళీ పంపును 60 సెకండ్లు తిప్పింది. ఖాళీ డబ్బా కాబట్టి పంపుకే నష్టం. అదే నత్త ఇరుక్కుని ఉంటే పై ఫ్లోట్ ఆపేదాకా ప్రతిసారీ 810 మి.లీ. పడేది. లోపం వచ్చిందన్న గుర్తును నానోలోని ఈఈప్రామ్ అనే మెమరీలో రాసేలా మార్చాను, కరెంటు పోయినా అది చెరగదు. లోపం వచ్చినప్పుడు, బటన్ నొక్కినప్పుడు మాత్రమే రాస్తుంది. లక్ష సార్లు రాసే పరిమితి ఈ లెక్కన ఎప్పటికీ రాదు.

## ఐదో దశ, కావాలని చెడగొట్టడం: మే 10 నుంచి 13

ఇది మొదటి దశలోనే బకెట్టు మీద చేయాల్సింది, రొయ్యలున్న ట్యాంకు మీద నేర్చుకున్నాను. మీరు బకెట్టుతో మొదలుపెట్టండి. మూడు రోజులు బకెట్టు మీద ఇలా పరీక్షించాను:

1. కింది ఫ్లోట్‌ను రబ్బరు బ్యాండుతో కిందికి కట్టేశాను. 60 సెకండ్లకు ఆగింది, బజరు మోగింది.
2. రెండు ఫ్లోట్‌లూ మామూలుగా తేలేలా వదిలి, నానో పిన్ను వైరును నేరుగా 5 వోల్టులకు తగిలించాను. పై ఫ్లోట్ దగ్గర ఆగింది.
3. గొట్టం మడిచి పట్టుకున్నాను. 60 సెకండ్లకు ఆగింది.
4. నింపుతుండగా ప్లగ్గు పీకాను. గొట్టంలోని నీళ్లు డబ్బాలోకి జారాయి, బకెట్టు మట్టం కదల్లేదు.
5. నానోను సాకెట్టులోంచి పీకేశాను. గేటు దగ్గర వోల్టేజీ లేదు, పంపు తిరగలేదు.
6. మాస్‌ఫెట్ డ్రెయిన్, సోర్స్‌లను వైరు ముక్కతో కలిపేశాను, అది కాలి అతుక్కుపోయినట్టు. దీన్ని ఏదీ ఆపలేదు. డబ్బా మొత్తం వచ్చేసింది.

ఆరో పరీక్ష ఏప్రిల్ 1 నాటి లెక్కకు జవాబు. 5 లీటర్ల డబ్బాను మార్చను.

వైర్లు ఊడకుండా స్క్రూ కనెక్టర్లు ₹30. బోర్డును ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో పెట్టి, వైర్లు అడుగు నుంచి బయటికి వచ్చేలా గోడకు బిగించాను.

మొత్తం ఖర్చు: ₹960. ఇందులో అతుక్కున్న స్విచ్ ₹90, ఎండిన పంపు ₹85 నా తప్పులవి. మొదటిసారే సరిగ్గా కడితే ₹785.

## ఖమ్మం వెళ్లిన ఐదు రోజులు: మే 18 నుంచి 23

రోజుకు 1.4 లీటర్లయితే 5 లీటర్ల డబ్బా మూడున్నర రోజులకే సరి. మళ్లీ పెద్ద డబ్బా మాట ఇంట్లో వచ్చింది. దాని బదులు సగం అద్దం మూత వేశాను. రోజుకు 890 మి.లీ. చొప్పున ఐదు రోజులకు 4.45 లీటర్లు, పంపు అందుకోలేని అడుగు నీళ్లు 300 మి.లీ. పోగా ఇంకో 250 మిగలాలి. మూత వల్ల నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కుతాయని తెలిసే వేశాను.

వచ్చాక చూసినవి: మట్టం గీతకు 1 మి.మీ. కింద. డబ్బాలో మిగిలింది 600 మి.లీ., అంటే వాడింది 4.4 లీటర్లు. టీడీఎస్ వెళ్లేముందు 312, ఇప్పుడు 317. నీళ్లు 30.5 డిగ్రీలు. బజరు మోగలేదు. కళ్లకు కనిపించే రొయ్యలు పద్దెనిమిది, వాటిలో ఒకటి పొట్ట కింద గుడ్లతో ఉంది.

## జూన్, జూలై

వానలు మొదలయ్యాక గాలిలో తేమ పెరిగి, ఫ్యాను నడుస్తున్నా రోజుకు 4 మి.మీ. మాత్రమే దిగుతోంది. జూలై 6న ఫ్యాను తీసేశాను. డబ్బా ఇప్పుడు ఎనిమిది రోజులు వస్తోంది, అయినా వారానికోసారి కడిగే రోజు మార్చలేదు, దోమల కాలం కాబట్టి.

పదిహేను రోజులకోసారి చేస్తున్నవి: పైపు చిల్లులను పళ్లు తోమే పాత బ్రష్షుతో రుద్దడం, దోమతెర గుడ్డ ఉతకడం, రెండు ఫ్లోట్ బిళ్లలనూ వేలితో పైకీ కిందికీ కదిపి చూడడం, 500 మి.లీ. సమయం కొలవడం. జూలై 20న ఆ సమయం 68 సెం.మీ. ఎత్తుకు 63 సెకండ్లు వచ్చింది. మే నెలలో కొత్త పంపుకు 57 ఉండేది. చక్రం తీసి చూస్తే సన్నని నాచు చుట్టుకుని ఉంది, తీసేశాక 58. ఇది 75 దాటితే 340 మి.లీ.కి 51 సెకండ్లు పడుతుంది, 60 సెకండ్ల హద్దుకు దగ్గరవుతుంది. అప్పుడు హద్దు పెంచకుండా పంపు మారుస్తాను.